పదికీ ఏడుకీ మధ్య

ఆ ఆదివారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా మేనత్త ఇంటి ముందుగదిలో ఉన్న వస్తువులు: ఆమె బట్టలు కత్తిరించే పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు, గుడ్డ కప్పిన కుట్టుమిషను, ఒక పేకదస్తా, బల్ల నడుమ స్టీలు పళ్ళెం, మూడు డబ్బాల బొత్తాలు, గిన్నెడు మురీలు, అంటే మరమరాలు. ఉన్న మనుషులు: అత్త, మావయ్య, ఎదురింటి బెంగాలీ దాదా, నేను. ఆటలో లేని మనిషి ఒకరే, మా అమ్మ. ఆమె నా వెనక కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, వెలుతురులో నీలం ఊలుతో మంకీ క్యాపు అల్లుతోంది. అప్పటికే ఐదు అల్లేసింది. ఖరగ్‌పూర్ చలికి ఇంటికొకటి చాలు.

మూడిళ్ళ వాళ్ళమూ రైల్వే మనుషులమే. మావయ్యది వర్క్‌షాపు. దాదా గార్డు. మా నాన్న గూడ్సు ఇంజన్లు నడుపుతాడు, ఆ రోజు డ్యూటీ మీద ఉన్నాడు. నేను సిగ్నల్ విభాగంలో ఇంజనీరుని. మాకు ఏడాదికి ఇన్ని అని ఉచిత ప్రయాణం పాసులు ఉంటాయి. ఏడాది తిరిగేలోగా వాడకపోతే మురిగిపోతాయి. అందుకని నేను స్కూల్లో ఉన్నప్పుడే పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు: డిసెంబరులో మూడిళ్ళూ ఆఖరి పాసులు తీసి, కలిసి ఒకే ఊరు వెళ్ళాలి. ఏ ఊరన్నది పేకాటలో తేలాలి. గెలిచిన ఇల్లు ఊరు చెబుతుంది, మిగిలిన రెండిళ్ళూ నోరు మూసుకుని పెట్టెలు సర్దుకుంటాయి.

చాలా ఏళ్ళు రమ్మీ ఆడారు. చాలా ఏళ్ళు అత్తే గెలిచింది. చాలా ఏళ్ళు అందరం పూరీ వెళ్ళాం.

రమ్మీలో అత్తని కొట్టడం కష్టం. ఎవరు ఏ ముక్క పడేశారో అన్నీ ఆమెకి గుర్తుంటాయి. అందుకే రెండేళ్ళ క్రితం నేను ఆట మార్పించాను. కాలేజీ హాస్టల్లో అగ్గిపుల్లలతో నేర్చుకున్న పాట్ లిమిట్ ఒమాహా అనే పోకర్ ఆట తెచ్చి బల్ల మీద పెట్టాను. నియమాలు కొన్నే. ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరికి ఒకటి. చేతిలోంచి సరిగ్గా రెండు, బల్ల మీంచి సరిగ్గా మూడు కలిపి ఐదు ముక్కల పట్టు చూపించాలి. చేతిలోవి మూడు వాడకూడదు, ఒకటీ వాడకూడదు. ఒకే అంకెవి మూడిటికన్నా వరస పెద్దది, వరసకన్నా ఒకే రంగువి ఐదు పెద్దవి. మొదటా, బల్ల మీద ముక్కలు తిప్పిన ప్రతిసారీ పందెం. పందెం ఎంతైనా పెంచవచ్చు గాని, అప్పటికి పళ్ళెంలో ఎంత ఉందో అంతకి మించకూడదు. మాకు పందెం అంటే బొత్తాలు. చొక్కా తెల్లబొత్తం ఒకటి, నల్ల కోటుబొత్తం ఐదు, సాలువా పోలీసు క్యాంపు నుంచి సరిచేయడానికి వచ్చే యూనిఫాంల ఖాకీ బొత్తం పాతిక. ఎవరి బొత్తాలైనా పూర్తిగా అయిపోగానే ఆట ఆగుతుంది. అప్పుడు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళది గెలుపు.

కొత్త ఆట కాబట్టి అత్త తడబడుతుంది అనుకున్నాను. ఆమె నియమాలు విని, ఒక్కటే ప్రశ్న అడిగింది.

"పెంచితే అవతలోడు పారిపోవచ్చు, అంతేనా?"

"అంతే అత్తా."

"మరింకేటి!" అని మొదటి ఆటలోనే పళ్ళేనికి పళ్ళెం పెంచింది. అప్పట్నుంచి ఆమె తగ్గలేదు. ఏ ముక్కలు వచ్చినా ఆడుతుంది, ఆడితే పెంచుతుంది. ఆ రెండేళ్ళూ కూడా పూరీయే.

ఈ రెండేళ్ళలో నేను నేర్చుకున్నది డ్రాల సంగతి. ఇంకా తయారు కాని పట్టు, ఒక ముక్క పడితే తయారయ్యే పట్టు ఉంటే దాన్ని డ్రా అంటారు. మా ఇళ్ళలో అర్థమయ్యేలా చెప్పాలంటే అది వెయిటింగ్ లిస్టు టికెట్టు. హాస్టల్లో మాకు పద్ధతి ఏమిటంటే, డ్రా ఉన్నప్పుడు తయారైనట్టే గట్టిగా పెంచడం. భయపడి అవతలివాళ్ళు ముక్కలు పడేస్తే సరే, పడేయకపోతే ముక్క పడుతుందేమో చూడటం. రెండు దార్లు. అత్త ముందు మొదటి దారి మూసుకుపోయింది. ఆమె ముక్కలు పడేయదు. ఎందుకత్తా అంటే, "కత్తెర పెట్టినాక బట్ట ఎనక్కి తీస్తానా అల్లుడా" అంటుంది. నేను రెండేళ్ళు ఆమెని బెదిరించబోయి, రెండేళ్ళు ఆమెకి బొత్తాలు అప్పజెప్పాను.

తర్వాత కూర్చుని కాగితం మీద లెక్క వేసుకుంటే తేలింది ఇది. పారిపోని మనిషిని బెదిరించడం దండగ. కాని పారిపోని మనిషి, మన ముక్క పడ్డాక కూడా పారిపోదు. డ్రాకి ఆమెకంటే మంచి ప్రత్యర్థి దొరకదు. కాకపోతే డ్రా గట్టిదై ఉండాలి. పడితే అన్నిటికన్నా పెద్ద పట్టే కావాలి, రెండో పెద్దది కాదు. అది వచ్చేదాకా పెంచకుండా, అవతలివాళ్ళు పెట్టినంతే కట్టుకుంటూ పోవాలి. పళ్ళేన్ని వాళ్ళే నింపుతారు. నేను చేయవలసింది కాచుకుని కూర్చోవడం. వినడానికి తేలిక. కాని మా అత్త, "ఏటి అల్లుడా, పేకాటకొచ్చినావా, పాడె మీదకొచ్చినావా" అంటూ ఉంటే గంటసేపు ముక్కలు పడేస్తూ కూర్చోవడం మాటలు కాదు.

ఈ ఏడాది ఇంకో చిక్కు వచ్చింది. దసరా వెళ్ళాక ఒక రోజు అమ్మ భోజనాల దగ్గర అత్తతో మామూలుగా అంది. "ఈసారీ పూరీయే అయితే నాను రాను వదినా. మీరెల్లి రండి. నాను ఇంట్లో ఉంటాను."

"సముద్రం నిన్నేటి సేసినాదే మరదలా?"

"ఏటీ సెయ్యలేదు వదినా. ఏటీ సెయ్యదు. అదే."

అమ్మకి దార్జిలింగ్ వెళ్ళాలని ఉంది. మా వంటింటి తలుపు మీద ఒక పాత రైల్వే క్యాలెండరు కాగితం ఉంటుంది. ఏడాది ఎప్పుడో అయిపోయింది, తేదీలు కత్తిరించేసి బొమ్మ మాత్రం ఉంచింది. కొండ మీద ఇళ్ళ మధ్య నుంచి, దుకాణాల గుమ్మాలని రాసుకుంటూ పోయే చిన్న రైలు బొమ్మ. రైలు కూతల మధ్య పుట్టి, రైలు మనిషిని చేసుకుని, రైలు మనిషిని కన్న ఆమె అలాంటి రైలు ఎక్కలేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. గోల్‌బజార్ వెళ్ళి ఊలు కొనుక్కొచ్చి టోపీలు అల్లడం మొదలుపెట్టింది. ఇంటికొకటి కాదు, మనిషికొకటి. అత్తకి కూడా. దాంతో నాకు అర్థమైంది: ఈసారి ఓడిపోతే అమ్మ నిజంగానే ఇంట్లో ఉండిపోతుంది.

అమ్మే ఆడవచ్చు కదా అంటే, ఆడలేదు. ఆమె ముఖం అద్దం. చేతిలో ఏముందో వీధిలో పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. అందుకే మా ఇంటి తరఫున నేను ఆడతాను. ఆమెని నా ముక్కలు చూడవద్దని ముందే చెప్పాను. "నాకేటి అవసరం" అంది, అల్లిక మీంచి తల ఎత్తకుండా.

దాదా ఈ ఆటకి కొత్త. ముందు రెండేళ్ళూ ఆ సమయానికి డ్యూటీలో ఉన్నాడు. పాతికేళ్ళ క్రితం మావయ్య దగ్గర రమ్మీ నేర్చుకున్న బెంగాలీ ఆయన. పేకాట భాష అంతా తెలుగే వస్తుంది, మిగతాదంతా కలగలుపు. ఆయనకి కాశీ వెళ్ళాలని. ఆయన కూడా అత్త లాగే ఏ ముక్కలనీ వదలడు. "దీదీ పెంచితే నేను కూడా పెంచుతా. గార్డు జెండా ఊపకుండా ఊరుకుంటాడా?" అంటాడు. అంటే నాకు ఎడమపక్క ఒకరు, ఎదురుగా ఒకరు, ఇద్దరూ ఆగని ఎక్స్‌ప్రెస్‌లు. మావయ్య మాత్రం ప్రతి ఆటా ముక్కలు చూసి, పడేసి, మురీలు నములుతూ నవ్వుతూ ఉంటాడు. ఆయన ఆడేది ఏడాదికి రెండో మూడో ఆటలు.

గంటన్నర గడిచింది. మధ్యమధ్య చిన్న ఆటలు గెలిచి, మొదలుపెట్టిన బొత్తాల దగ్గరే ఉన్నాను. అత్త దగ్గర నాకంటే ఎక్కువ. దాదా దగ్గర బాగా తక్కువ.

అప్పుడు నాకు వచ్చిన ముక్కలు: జాకీ, పది, ఏడు, ఆరు.

సరిగ్గా అదే క్షణంలో అమ్మ ఒడిలోని ఊలు ఉండ జారి నా కుర్చీ కిందికి దొర్లింది. ఆమె వంగి తీసుకుంది. లేస్తూ లేస్తూ నా చేతిలోకి చూసింది. రమ్మీ కళ్ళతో చూసింది. జాకీ, పది ఉన్నాయి, ఏడు, ఆరు ఉన్నాయి, మధ్యలో తొమ్మిదీ ఎనిమిదీ లేవు. తెగిన వరస. ఆమె ముఖం వాడిపోవడం నేను చూడలేదు. అత్త ముఖం చూస్తే తెలిసింది.

"ఓలమ్మ, మరదలి మొకం సూడు దాదా! ఎవులో పోయినట్టుంది," అని అత్త పెంచింది. దాదా కట్టాడు. నేను కట్టాను. మావయ్య పడేశాడు. పళ్ళెంలో పన్నెండు.

మావయ్యే ముక్కలు తిప్పాడు. బల్ల మీద తొమ్మిది, ఎనిమిది, రెండు.

ఇక్కడ ఆగి కొంచెం లెక్క చెప్పాలి. నాకింకా పట్టు లేదు. చేతిలోంచి రెండే వాడాలి కాబట్టి తొమ్మిదీ ఎనిమిదీ చేరినా నా దగ్గర నాలుగు ముక్కల వరసే ఉంది, ఐదోది కావాలి. ఐదోదిగా రాణి పడినా సరే, జాకీ పడినా, పది పడినా, ఏడు, ఆరు, ఐదు, ఏది పడినా సరే. మొత్తం ఇరవై ముక్కలు. ఆ ఇరవైలో పద్నాలుగు పడితే నాకంటే పెద్ద పట్టు ఎవరికీ ఉండదు. ఒమాహాలో ఇంతకన్నా మంచి డ్రా రావడం అరుదు. కాని అది డ్రాయే.

అమ్మకి ఈ లెక్కతో పని లేదు. ఆమెకి కనిపించింది ఒక్కటే: పదికీ ఏడుకీ మధ్య ఉన్న ఖాళీలో తొమ్మిదీ ఎనిమిదీ వచ్చి కూర్చున్నాయి. జాకీ నుంచి ఆరు దాకా ఆరు ముక్కల వరస. రమ్మీలో అయితే కళ్ళకద్దుకుంటారు. నా వెనక అల్లిక సూదుల చప్పుడు ఆగిపోయింది.

అత్త అమ్మ వైపు చూసింది. బొత్తాల మీదికి వెళ్ళిన ఆమె చెయ్యి మధ్యలో నిలిచిపోయింది. తర్వాత, ఈ రెండేళ్ళలో మొదటిసారి, బల్ల మీద రెండు వేళ్ళతో తట్టింది. అంటే పందెం లేదు, తర్వాతివాళ్ళు కానివ్వండి అని.

"దీదీ, తబియత్ ఠీక్ హై?" అన్నాడు దాదా భయంగా.

"నువ్వాడు దాదా."

దాదా పళ్ళేనికి పళ్ళెం పెంచాడు, పన్నెండు. నేను ఊరికే కట్టాను. నేను కూడా పెంచవచ్చు. పెంచితే ఎవరూ పోరు. ముక్క పడ్డాక పెంచినా ఎవరూ పోరు. అలాంటప్పుడు పడకముందే తొందర దేనికి? అత్త కూడా కట్టింది. పళ్ళెంలో నలభై ఎనిమిది.

నాలుగో ముక్క రాజు. నాకు దేనికీ పనికిరాదు.

"షో సెప్పీరా బాబూ," అంది అమ్మ నా చెవి దగ్గర. గుసగుస అనుకుంది. వీధిలోకి వినబడింది.

అత్త ఆ మాట విని, అమ్మని, నన్ను, బల్ల మీది ముక్కల్ని మార్చి మార్చి చూసింది. బట్ట కొలతకీ మనిషికీ తేడా వచ్చినప్పుడు చూసే చూపు అది. నెమ్మదిగా ఆమె ముఖం విచ్చుకుంది.

"షోనా? ఈ ఆటలో షో ఏటే మరదలా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఓరల్లుడా. మీ యమ్మ మొకంలోది రమ్మీ ఎలుగు. నీ సేతిలో తొమ్మిదీ ఎనిమిదికీ అటో రెండు, ఇటో రెండు ఉన్నాయి. వరస ఇంకా అవలేదు. అయ్యుంటే నువ్వు ఇందాకే పెంచీవోడివి."

ఒక్క ముక్క కూడా చూడకుండా నా నాలుగు ముక్కలూ చదివేసింది. నేను మురీల గిన్నెలోకి తల వంచాను. తలెత్తితే నా ముఖం కూడా అమ్మ పోలికే.

"అయితే ఆ ఎయిటింగ్ లిస్టు టికెట్టుకి సార్జీ కట్టు," అని నలభై ఎనిమిదీ పెట్టింది. సరైన ఆట. నా చోట ఎవరున్నా ఆమె చేయవలసింది అదే.

"దీదీ వెళ్తే నేను కూడా," అని దాదా తన దగ్గర మిగిలినవన్నీ పళ్ళెంలోకి తోసేశాడు. అవి కూడా దాదాపు అంతే.

నేను చూడని ముక్కలు నలభై నాలుగు. వాటిలో నాకు కావలసినవి ఇరవై. సగానికి కొంచెం తక్కువ. నేను ఒక వంతు కడితే వచ్చేది మూడు వంతులు. అంటే కట్టాలి. కాగితం మీదైతే ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. కాని వెనక స్టూలు మీద మా అమ్మ, ఎప్పుడో గెలిచేశామన్న ధీమాతో, మళ్ళీ అల్లిక అందుకుంది. ఆరో టోపీ. సూదుల చప్పుడు ఎంత హాయిగా ఉందంటే, నేను బొత్తాలని రెండుసార్లు లెక్కపెట్టుకోవలసి వచ్చింది. కట్టాను.

"తిప్పండి," అంది అత్త మావయ్యతో.

"తిప్పుతాను గాని, టీ పెట్టీదా ముందు?" అన్నాడు మావయ్య.

"నీ టీ తగలెయ్య, తిప్పు!"

తిప్పాడు. ఐదు.

ఆరు, ఏడు నావి. ఐదు, ఎనిమిది, తొమ్మిది బల్ల మీదివి. బల్ల మీద జత లేదు, ఒకే రంగువి మూడు లేవు. దీనికి మించిన పట్టు ఎవరి దగ్గరా ఉండే వీలు లేదు.

అత్త నా వైపు చూడలేదు. అమ్మ వైపు చూసింది. ఐదు పడ్డప్పుడు అమ్మ ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఎందుకొస్తుంది? ఆమె లెక్కలో మా పని అప్పటికే అయిపోయింది. ఆమె కుట్లు లెక్కపెట్టుకుంటోంది.

"పడలేదు!" అంది అత్త గెలిచిన గొంతుతో. "పడితే ఆ మొకం ఇలగుంటాదా? అల్లుడా, నీ ముందున్నవన్నీ ఎయ్యాల!" అని నా దగ్గర ఉన్న బొత్తాలు ఎన్నో చూసి, అన్ని పళ్ళెంలో పోసింది. బొత్తాలు పొంగి బల్ల మీద దొర్లాయి.

"వేస్తున్నాను అత్తా," అన్నాను.

ఆ మాట అన్న తీరుకే ఆమెకి అర్థమైపోయింది. చేతిలో మిగిలిన ఖాకీ బొత్తం ఇంకా వదలకుండా, "ఓరి నీ!" అంది.

కాని ముందు లేచినవాడు దాదా. నాలుగు ముక్కలూ బల్ల మీద పరిచి, రెండు చేతులతో పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. "రంగు! అన్నీ ఆఠీన్లు! హాత్ మే చార్, బల్ల మీద తొమ్మిది ఒకటి. చార్ ఔర్ ఏక్, పాంచ్! దీదీ, కాశీ చలో!"

మావయ్య నోట్లో మురీలతో, "దాదా, సేతిలోవి రెండే," అన్నాడు.

"రెండే? మిగతా రెండూ?"

"మిగతా రెండూ సుట్టాలు. సూడ్డానికొచ్చినాయి."

"అరే బాబా! ఇందాకట్నుంచీ నేను నాలుగూ వాడుతున్నా!"

అప్పుడు మొదలైన నవ్వు చాలాసేపు ఆగలేదు. అత్త తన రెండు తొమ్మిదులు బల్ల మీది తొమ్మిది పక్కన పరిచింది. నేను ఆరు, ఏడు పరిచాను. అత్త వాటిని చూసి, బల్ల మీది ఐదుని చూసి, తిన్నగా వెళ్ళి అమ్మ చేతిలోంచి అల్లిక లాక్కుంది.

"నీ మొకాన్ని నమ్ముకుని నిండా ములిగినాను గదే మరదలా! ఐదు పడితే ఉలకవేటి, పలకవేటి?"

"నానేటి సేసినాను వదినా? వరస ఎప్పుడో అయిపోయింది గదా. ఈడే షో సెప్పకుండా నాన్సినాడు."

"అప్పటికి అవలేదమ్మా," అన్నాను. "ఇప్పుడు ఈ ఐదు పడ్డాకే అయింది. పడకపోతే పోయేది."

అమ్మ బల్ల మీది ఐదుని చూసింది. నన్ను చూసింది. అందరూ టీ కోసం లేచిపోతున్న ఆ సమయంలో, దాదా బొత్తాలు అయిపోయి ఆట ముగిసిపోయాక, ఆమె ముఖం తెల్లబోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని, "ఓలమ్మో! పోతే?" అంది. దానికి అత్త పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, "సర్లే, ఎక్కడికో సెప్పు. బేగి సెప్పు, నాను మనసు మార్సుకోకముందే," అంది.

అమ్మ చెప్పింది. ఒక్క మాటే చెప్పింది, ఊరి పేరు.

"సలి!" అన్నాడు మావయ్య.

"టోపీలున్నాయి," అంది అమ్మ.

న్యూ జల్‌పాయ్‌గురి దాకా పాసు మీద వెళ్ళాం. చిన్న రైలుకి టికెట్లు విడిగా కొన్నాం. నాన్నకి ఇంజనులో కాకుండా వెనక కూర్చోవడం కొత్త, గంట దాకా కుదురుగా లేడు. అత్త ఎక్కగానే, "ఇదేటి రైలు, మా మిసను దీనికన్నా జోరుగా పోద్ది" అని సణిగి, మొదటి మలుపు దాటగానే కిటికీ పక్క చోటు ఆక్రమించి మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. అమ్మకి అటువైపు కిటికీ దొరికింది. రైలు ఒక మిఠాయి దుకాణం గుమ్మాన్ని రాసుకుంటూ పోతుంటే, ఆమె చెయ్యి చాపింది. దుకాణం మనిషి ఏమీ ఆశ్చర్యపోకుండా ఆ చేతిలో ఒక లడ్డూ పెట్టాడు. అమ్మ గట్టిగా అరిచింది. సంతోషం పట్టలేనప్పుడు ఆమె అలా అరుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

బడికి పోయే పిల్లలు పక్కన పరుగెత్తి మా పెట్టెని దాటేసి, ముందుకెళ్ళి నిలబడి మాకు చేతులు ఊపారు. దాదాకి పౌరుషం వచ్చింది. గార్డు అలవాటు కదా, చేతి గడియారం చూస్తూ ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా కాలం లెక్కపెట్టాడు. మళ్ళీ ఒకసారి పెట్టాడు. నమ్మకం కుదరక నన్ను కూడా పెట్టమన్నాడు. ముగ్గురం, నాన్నతో సహా, విడివిడిగా వేగం లెక్కకట్టాం. ముగ్గురికీ ఒకటే వచ్చింది.

గంటకి పదకొండు కిలోమీటర్లు.